మట్టి మార్చిన కారు

బస్సులోంచి,
బుధవారం, పదకొండూ ఇరవై.

అమ్మకు,

దణ్ణాలు. ఇక్కడ నేనూ నాన్నా క్షేమం. నీ క్షేమం గురించి పెద్దమ్మ ఫోనులో ఏం చెప్పినా నేను నమ్మను, నీ అక్షరాలనే నమ్ముతాను. ఈసారి నీ గీతలు కిందికి జారలేదు. అంటే ఆపరేషన్ తర్వాత వచ్చిన తల తిరుగుడు తగ్గినట్టే. ఇంకో మూడు వారాలు చెవికి ఏదీ ఆనించకూడదన్నారు కాబట్టి ఆ కట్టుతో బుద్ధిగా కూర్చో. పక్కింటివాళ్ళ ఫ్యాను మోటారు చూసిపెడతానని బయల్దేరకు.

నా అక్షరాలు చూసి నువ్వు కంగారుపడతావు. బస్సు కొండ ఎక్కుతోంది. ప్రతి మలుపులోనూ ఒత్తులొక చోటా దీర్ఘాలొక చోటా పడుతున్నాయి. ఎక్కడికి అంటావేమో, పడవలు నడపడం మానేసి కొండ మీద ఉంటున్న మన సరంగు గారి ఇంటికి. నేను చేరేలోగా ఆయన తన కారు బ్యాటరీ తీగ కలపకూడదు. కలిపితే ఆ షెడ్డులో మంట పుట్టొచ్చు. గోడకి అవతల గదిలోనే వాళ్ళావిడ మంచం ఉందని, మోకాళ్ళ వల్ల ఆవిడ తనంతట తాను లేవలేదని నాకన్నా నీకే బాగా తెలుసు.

ఎందుకన్నది చెప్తాను. కానీ తిన్నగా దాని దగ్గరికి రాలేకపోతున్నా, కాసేపు అటూ ఇటూ తిరగనీ. పొద్దున పదింటికి నీ ఉత్తరం అందింది. పదీ పదికి నాకు సంగతి తెలిసింది. అక్కణ్ణుంచి షాపు ఫోనులో ఆరుసార్లు చేశాను. మోగుతుంది, మోగుతుంది, ఆగిపోతుంది. ఫోను వాళ్ళ హాల్లో ఉంటుంది, ఆయన షెడ్డులో ఉంటారు, ఆవిడ మంచంలో ఉంటుంది. పదకొండుంపావు బస్సు పట్టుకున్నాను. దిగేసరికి రెండు కావస్తుంది. ఇంత సేపు చేతులు కట్టుకుని కూర్చుంటే నేను సీటు కొరుక్కు తినేస్తాను. అందుకే నీ ప్రశ్నలకి జవాబులు.

నాన్న వంట గురించి అడిగావు. వండుతున్నారు. లైబ్రరీ నుంచి రాగానే చొక్కా చేతులు పైకి మడిచి, ఏదో ఆపరేషన్ చేసేవాడిలాగ వంటింట్లోకి వెళ్తారు. ఉప్పు వేశారో లేదో ఆయనకి గుర్తుండదు, నన్ను అడుగుతారు, నేను చూడలేదంటాను, వేస్తారు. ఇద్దరం నీళ్ళు బాగా తాగుతున్నాం. ఆరోగ్యానికి మంచిదట.

ఆ కంపెనీవాళ్ళ ఉద్యోగం ఉత్తరానికి జవాబు రాశావా అని అడిగావు. రాయలేదు. రాయనని కాదు. రాయలేదు, అంతే. పొద్దున రాద్దామనుకుంటాను, మధ్యాహ్నానికి ఎవరో ఒకరు స్టార్టర్ మోటారు చంకన పెట్టుకుని దిగుతారు. నీ డిగ్రీ తుప్పు పడుతుందే అని నువ్వు అన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. నిజమే కాబట్టి వస్తుంది.

షాపులో నీ గురించి ఎవరడిగినా తన అక్క ఇంటికి వెళ్ళిందని చెప్తున్నా. చెవి మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు. నువ్వు చెప్పమన్నట్టే. డబ్బాల మీద చెవి పెట్టి సెట్ చేసే మేస్త్రమ్మకి వినపడట్లేదని తెలిస్తే షాపు తలుపులు మూసుకోవాల్సిందేనని నువ్వన్న మాట మర్చిపోలేదు. అడిగినవాళ్ళు మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "మేస్త్రమ్మ వచ్చాకే తెస్తాంలే" అంటున్నారు. నేనేదో షాపుకి వేసిన తాళం అయినట్టు.

కండక్టరు ఇప్పటికి రెండుసార్లు వచ్చి నా కాగితాల్లోకి తొంగిచూశాడు. పరీక్షా అని అడిగాడు. అవునన్నాను. నా ఒళ్ళో సంచిలోంచి తీగలు బయటికి కనపడుతున్నాయి, అవేమిటన్నాడు. ఊరుకుంటే అనుమానపడతాడని చెప్పాను: కారు నడిచేటప్పుడు డైనమో కరెంటు పుట్టిస్తుంది, అది ఎక్కువైతే బ్యాటరీ ఉడికిపోతుంది, తక్కువైతే ఎండిపోతుంది, ఎంత కావాలో అంతే పోనిచ్చే డబ్బా ఒకటి ఉంటుంది, దాన్ని రెగ్యులేటర్ అంటారు, ఇది దాని లోపలి సరుకు అని. కాసేపు ఆలోచించి, "అంటే మా డిపో మేనేజర్ లాంటిదన్నమాట. వేడెక్కుతుంది, టకటకలాడుతుంది, పని మాత్రం మిగతావాళ్ళు చేస్తారు," అన్నాడు. మామూలు రోజైతే నవ్వేదాన్ని.

సరే. నీ ఆఖరి ప్రశ్న. "సరంగు గారి డబ్బా పంపావా? కటౌట్ టక్కుమనడం విన్నావా?" అని రాశావు.

పంపాను. నిన్న మధ్యాహ్నం బస్సులో పంపాను. టక్కు వినలేదు. అందులో ఇప్పుడు టక్కుమనేది ఏదీ లేదమ్మా.

నేను నీ పద్ధతిలోనే మొదలుపెట్టాను, ఒట్టు. పాయింట్లు గుంటలు పడి ఉంటే సన్నటి గరుకు కాగితం పెట్టి రుద్దాను. రేకు పెట్టి సందు సరిచేశాను. టెస్టు బల్ల మీద డైనమో తిప్పుతూ నీలాగే మూత మీద చెవి పెట్టాను. స్పీడు పెరుగుతుంటే, డైనమోని బ్యాటరీకి కలిపే ఆ కటౌట్ ఎక్కడ అతుక్కుంటుందో నువ్వు కళ్ళు మూసుకుని చెప్పేదానివి. నాకు మోటారు హోరు తప్ప ఏమీ వినపడలేదు. మీటరులో ముల్లు పదమూడు వోల్టులకీ పదహారుకీ మధ్య ఉయ్యాల ఊగింది. రెండు రోజులు అదే వరస. మూడో రోజు కాయిళ్ళు విప్పి పక్కన పెట్టేశాను. అగ్గిపెట్టె అంత బోర్డు ఒకటి చేసి, అదే అడుగు మీద, అవే బిగింపులకి కలిపి, పైన నీ పాత మూత పెట్టేశాను. బయటి నుంచి చూస్తే ఏమీ తెలీదు. టెస్టు బల్ల మీద ముల్లు పద్నాలుగు దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అదే నా కొంప ముంచింది.

ఇంతకుముందు మూడు డబ్బాలు ఇలా మార్చాను, నీకు తెలుసు, ముగ్గురికీ చెప్పే మార్చాను. సరంగు గారికి చెప్పలేదు. డబ్బా దించి పంపినప్పుడే ఆయన చీటీ రాశారు, "మేస్త్రమ్మ పద్ధతి తప్ప ఇందులో ఇంకోటి వద్దు" అని. చెప్తే వద్దంటారు. వద్దంటే, నాలుగేళ్ళు కాలేజీలో చదివి ఇంత చిన్న డబ్బా సెట్ చెయ్యడం నాకు చేతకాలేదని ఒప్పుకోవాలి. దాని బదులు మూత పెట్టడం తేలికనిపించింది.

ఇంతవరకూ నా అబద్ధం. ఇక్కణ్ణుంచి నా పొరపాటు.

తాతయ్య ఎర్త్‌ని మట్టి అన్నాడు, మనమూ మట్టే అంటున్నాం. బ్యాటరీ ఒక కొస కారు బాడీకి కలుస్తుంది, అది మట్టి. ఆ రోజుల కార్లలో బాడీకి ప్లస్ కలిపేవాళ్ళు, తర్వాతి వాటిలో మైనస్. నాకే పాఠం చెప్తున్నావేమే అని తిట్టుకుంటున్నావు కదూ. నాకు నేను చెప్పుకుంటున్నా. నీ కాయిళ్ళకి ఏ కొస ఎటున్నా పట్టింపు లేదు, కరెంటు వస్తే లాగుతాయి. నా బోర్డు అలా కాదు. దానికి ముందే తెలియాలి. అందుకే పోయిన నెల ఆయన డబ్బా రాగానే, ఆ కారు మట్టి సంగతేమిటని నిన్ను అడిగాను. నువ్వు రాశావు: "పోయినేడే మట్టి మార్చాను, దిగులు పడకు."

మట్టి మార్చడమంటే నేను నెలకి పదిసార్లు చేసే పని. తుప్పు పట్టిన ఎర్త్ పట్టీ పీకి కొత్తది వెయ్యడం. సరే, పట్టీ కొత్తదన్నమాట అనుకున్నాను. అంత పాత కారు, ప్లస్ బాడీకే ఉంటుందనుకుని ఆ లెక్కన బోర్డు చేశాను.

ఇవాళ పొద్దున నీ ఉత్తరంలో, పెద్దమ్మ ఇంటి పైకప్పు గురించీ డాక్టరు మీసం గురించీ రాశాక, మధ్యలో ఒక ముక్క: "మట్టి మార్చబట్టి కదా సరంగు గారి ఆవిడకి కారులో ఆ కొత్త రేడియో పెట్టగలిగాను, ఎలా పాడుతోందో కనుక్కో."

పట్టీకీ రేడియోకీ ఏమిటి సంబంధమని నవ్వబోయాను. నవ్వు సగంలో ఉండగానే అర్థమైంది. కొత్త రేడియోలకి మైనస్ బాడీకి ఉండాలి. నువ్వు పట్టీ మార్చలేదు. కొసలే తిప్పేశావు.

నువ్వు "తిప్పాను" అని రాసి ఉంటే బాగుండేది. నేను "ఏది మార్చావు" అని ఇంకో కార్డు ముక్క రాసి ఉంటే ఇంకా బాగుండేది.

నా బోర్డులో కటౌట్ బదులు డయోడ్ ఉంటుంది, కరెంటుని ఒక వైపుకే పోనిచ్చే తలుపు. కొసలు తారుమారైతే ఆ తలుపు బార్లా తెరిచి పెట్టినట్టే. బ్యాటరీలో ఉన్నదంతా డైనమోలోకి దూకుతుంది. ఇంజన్ తిప్పక్కర్లేదు, తీగ తగిలిస్తే చాలు. ఆ కారులో తీగలన్నిటికీ గుడ్డ తొడుగే. ఆ దారిలో ఫ్యూజు లేదు. షెడ్డులో పెట్రోలు డబ్బా ఎక్కడ పెడతారో కూడా నాకు గుర్తుంది, తలుపు వెనక, పాత గొడుగు పక్కన.

సంచిలో ఇంకో బోర్డు ఉంది. మైనస్ వాటికి చేసింది. పాల వ్యాను ఆయన కోసం చేశాను, ఆయన ఇంకా రాలేదు. పట్టుకుని బయల్దేరాను.

సగం దారిలో బస్సు ఆపారు. డ్రైవరు భోజనం. పదిహేను నిమిషాలు అన్నాడు కండక్టరు, ఇరవై రెండు అయ్యింది. పక్కన కొట్టులో ఫోను ఉంటే చేశాను. ఈసారి మోగలేదు. ఎంగేజ్. మళ్ళీ చేశాను, ఎంగేజ్. ఎవరో మాట్లాడుతున్నారు, అంటే ఏమీ కాలేదు. లేకపోతే ఏదో అయ్యింది కాబట్టే ఎవరినో పిలుస్తున్నారు. ఈ రెండిటి మధ్యా బస్సు ఎక్కి కూర్చున్నాను. కండక్టరు నా మొహం చూసి ఈసారి ఏమీ అడగలేదు, డ్రైవరు దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పాడు. బస్సు కొంచెం జోరందుకుంది. మనుషుల్ని నేను తొందరపడి తిట్టుకుంటానని నువ్వనేది ఇందుకే కాబోలు.

ఆఖరి మలుపు కనిపిస్తోంది. దిగుతున్నా.


నాలుగున్నర. కొండ మీద, బస్టాపు బల్ల మీద.

జరిగింది జరిగిన వరసలో రాస్తాను.

బస్టాపు నుంచి వాళ్ళిల్లు పది నిమిషాల ఎత్తు. నేను ఎన్ని నిమిషాల్లో ఎక్కానో తెలీదు, సంచి మోకాలికి కొట్టుకుని ఇప్పుడు నల్లగా కమిలింది. గేటు తీసి ఉంది. షెడ్డు తలుపులు రెండూ తీసి ఉన్నాయి. లోపల చీకటి, ఆ చీకట్లో కారు ముందు భాగం దగ్గర పసుప్పచ్చగా ఏదో మండుతోంది.

అమ్మా, నేను అక్కడే నిలబడిపోయాను. పరిగెత్తాలి కదా. నీళ్ళో ఇసకో వెతకాలి, లేదా ఆవిడ గదిలోకి వెళ్ళాలి. ఏదీ చెయ్యలేదు. ఆ రెండు క్షణాల సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పను.

అది మంట కాదు. హెడ్‌లైట్ బల్బు. బ్యాటరీ మీద గుడ్డ పరిచి, ఆ గుడ్డ మీద పడుకోబెట్టిన బల్బు, నిండుగా వెలుగుతోంది. షెడ్డు మెట్టు మీద సరంగు గారు కూర్చుని ఉన్నారు. చేతిలో డబ్బా మూత. నన్ను చూసి లేవలేదు.

"రా చిన్న మేస్త్రీ. ఇందాకట్నుంచి మీ షాపుకే చేస్తున్నా. ఎవరూ ఎత్తరే?"

తీగ తీసెయ్యండి, తీగ తీసెయ్యండి అన్నాను. రెండుసార్లు అన్నట్టు గుర్తు.

"బల్బు గుండా కలిపా. వెలిగితే బల్బే కదా వెలిగేది, ఇల్లు కాదుగా," అన్నారాయన.

పడవల మీద ముప్పై ఏళ్ళ అలవాటట. విప్పిన తీగ ఏదైనా సరే, తిరిగి కలిపేముందు మధ్యలో ఒక బల్బు పెట్టి చూస్తారట. వెలగకపోతే అంతా సవ్యం. మసగ్గా వెలిగితే ఎక్కడో ఏదో కొంచెం తాగుతోంది. నిండుగా వెలిగితే ముట్టుకోకూడదు. కాలేజీలో నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పారేమో, నేను విని ఉండను. ఇవాళ పన్నెండింటికి డబ్బా బిగించి బల్బు పెడితే నిండుగా వెలిగిందట. తప్పు తనదేమోనని మూడుసార్లు విప్పి బిగించారట. ఇంజన్ ఆగి ఉండగా మేస్త్రమ్మ డబ్బా చుక్క కరెంటు తాగదు, ఆయనకి తెలుసు. నాలుగోసారి మూత తీశారు.

నేను బల్బు తీగ లాగేశాను. ఆయన మూతని అటూ ఇటూ తిప్పుతూ అడిగారు.

"ఇది ఎవరు పెట్టారు?"

"నేనే."

"మీ అమ్మకి తెలుసా?"

"తెలీదు."

"నాకు చెప్పాలనిపించలేదా?"

అనిపించిందని, మీరు వద్దంటారని చెప్పలేదని చెప్పాను. ఆయన గొంతు పెంచలేదు. పెంచితే నాకు సుఖంగా ఉండేది. లోపల ఏం పెట్టావన్నది కాదు నా బాధ అన్నారు. పడవలో ఎవడైనా చెప్పకుండా ఒక్క మర మార్చినా వాణ్ణి ఆ పూటే ఒడ్డున దించేసేవాణ్ణి అన్నారు. మరి నన్నేం చేస్తారు అని అడిగాను. "నువ్వు ఒడ్డు మీదే ఉన్నావు కదా, ఎక్కడ దించను?" అన్నారు. నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

తర్వాత అడిగారు, "మీ అమ్మ వెళ్ళింది చెవి కోసమేనా?"

నేను నోరు విప్పలేదమ్మా. అక్క ఇంటికి వెళ్ళిందని చెప్పడానికి కూడా విప్పలేదు. విప్పకపోవడమే జవాబైపోయింది. నీ రహస్యం నా వల్ల బయటపడిందా అంటే, పడింది. కానీ ఆయనకి కొత్తగా తెలిసింది ఏమీ లేదు. ఎందుకో రాసేముందు నేను నీకు ఇంకోటి చెప్పాలి. డబ్బాలో బోర్డు పెట్టిన సంగతి మొన్నమొన్నటిది. ఇది రెండేళ్ళ కిందటిది.

ఒకసారి నువ్వు సెట్ చేసి పంపిన డబ్బా వారం తిరక్కుండా వెనక్కి వచ్చింది, గుర్తుందా, బ్యాటరీ పొంగి బానెట్టు పాడైందని. నువ్వు ఆ మనిషితో బ్యాటరీదే తప్పన్నావు. నువ్వన్నావు కాబట్టి ఆయన నమ్మాడు. ఆ మర్నాడు నువ్వు మూత మీద చెవి పెట్టి, తల ఊపి, మర తిప్పి, సరిపోయిందిలే అని భోజనానికి వెళ్ళావు. నేను మీటరు పెట్టి చూశాను. ముల్లు పదిహేడు దాటింది. నువ్వు తిరిగి వచ్చేలోగా సరిచేసి, మీటరు డ్రాయర్లో పెట్టేశాను. ఆ రోజు నుంచి నువ్వు సెట్ చేసిన ప్రతి డబ్బానీ నువ్వు భోజనానికి వెళ్ళగానే తిరిగి సెట్ చేశాను. కాయిళ్ళకి సందు ఎంతో, మర ఎంత తిప్పాలో, చెవితో కాదు, మీటరుతో. నువ్వు పెట్టిన సెట్టింగు దగ్గర్లోనే ఉండేది, మిగతా కొంచెం నేను జరిపేదాన్ని. మొదలే పాడైన సరంగు గారి డబ్బా నా చేతికి లొంగలేదన్నది నిజం. నీ చేతి మీద నుంచి అందుకోవడం వేరు, నేను మొదట్నుంచీ మొదలుపెట్టడం వేరు.

నీకు చెప్పలేదు. చెప్తే చెవి సంగతి పైకి అనాలి. నువ్వు రేడియో గొంతు పెంచుతుంటే, నాన్నని రెండోసారి అడుగుతుంటే, నేను చూడనట్టు ఉండేదాన్ని. మూత పెట్టడం నాకు అప్పుడే అలవాటైంది.

ఆయనకి ఇదేమీ చెప్పలేదు. ఆయనే చెప్పారు. పోయినేడు నువ్వు కొసలు తిప్పడానికి ఇక్కడికి వచ్చినప్పుడు అడిగారట, ఏమిటి మేస్త్రమ్మా, ఈమధ్య నీ డబ్బాలు ఇదివరకటికన్నా నిలకడగా ఉంటున్నాయి, ఏం చేస్తున్నావని.

"'నేనేమీ చెయ్యట్లేదు. నేను భోజనానికి వెళ్ళినప్పుడు కుదురుతున్నాయి' అంది మీ అమ్మ. నాకు ఆ రోజు అర్థం కాలేదు. ఇదిగో, ఈ మూత తీశాక అర్థమైంది, ఆవిడ చెవి చెయ్యాల్సిన పని నువ్వు చేస్తున్నావని," అన్నారు.

నేను కారు అంచు మీద కూర్చుండిపోయాను. లోపలి గదిలోంచి ఆవిడ కేక వేసింది, అక్కడ ఎవరు, ఏమిటంత సేపు గుసగుసలు అని. సరంగు గారు గోడకేసి చూస్తూ సంగతంతా చెప్పారు. చిన్న మేస్త్రి లోపల కాయిళ్ళు తీసేసి ఏదో బోర్డు పెట్టింది, తప్పు పెట్టింది, ఇప్పుడు సరైనది పెడతానంటోంది, ఏమంటావు అని. "నా రేడియో మధ్యలో ఆగకుండా పాడాలి. లోపల కప్పని పెట్టుకుంటారో ఏం పెట్టుకుంటారో మీ ఇష్టం," అందావిడ. రోజుకోసారి ఆవిణ్ణి ఎత్తి కారులో కూర్చోబెట్టి కొండ అంచు దాకా తిప్పుతారు కదా. డబ్బా దించిన దగ్గర్నుంచి అదీ లేదు. ఆవిడ చిరాకు అంతా అదే.

సరంగు గారు ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. మూత లోపల కాగితం అంటించాలి, లోపల ఏముందో, ఎవరు పెట్టారో, బాడీకి ఏ కొసో. నేను పొరబడిన కథ అప్పటికే చెప్పాను కాబట్టి, "మట్టి అన్న ముక్క మాత్రం రాయకు," అన్నారు. రాయలేదు. "బాడీకి మైనస్" అని రాసి తేదీ వేశాను. మీటరు పెట్టి రెండుసార్లు చూసే రాశాను.

బోర్డు మార్చాను. బల్బు పెట్టాం, వెలగలేదు. తీగ కలిపాం. ఏ కొస ఎటో డైనమోకి గుర్తుచెయ్యడానికి దాని ఫీల్డు తీగని ఒక్కసారి బ్యాటరీకి తాకించి తీశాను, నువ్వు నేర్పినట్టే. ఆయన ఇంజన్ తిప్పారు. ముల్లు లేచి పద్నాలుగు దగ్గర నిలబడింది. హెడ్‌లైట్లు వేశాం, రేడియో పెట్టాం, నిలబడే ఉంది. సరంగు గారు వంగి మూత మీద చెవి పెట్టారు. కాసేపు అలాగే ఉండి లేచి, చచ్చిందా అని అడిగారు. మీటరు చూపించాను. పెదవి విరిచి, "మర్యాద తెలిసిన డబ్బా కాదు, పలకరిస్తే పలకదు," అన్నారు.

ఇద్దరం పట్టి ఆవిణ్ణి కారులో కూర్చోబెట్టాం. నన్ను బస్టాపు దగ్గర దింపి, వాళ్ళు కొండ అంచు వైపు వెళ్ళారు. ఆవిడ వెళ్తూ వెళ్తూ కిటికీలోంచి, మీ అమ్మకి నా మీద చాడీలు రాయకు అంది. ఏం చాడీలో నాకు తెలీదు, ఉంటే నువ్వే చెప్పు.

ఇదీ జరిగింది. ఇప్పుడు నేను నిన్ను ఒకటి అడుగుతాను. ఈ ప్రశ్నకి అటూ ఇటూ తిరక్కుండా జవాబు రాయి. భోజనానికి వెళ్ళినప్పుడల్లా నువ్వు గంటన్నర ఎందుకు చేసేదానివి? మన ఇల్లు షాపు వెనకే. నువ్వు తినేది పది నిమిషాలు. డబ్బా మూత పెట్టి, మరలు బిగించకుండా వదిలేసి వెళ్ళేదానివి. వచ్చాక బిగిస్తాలే అనేదానివి. మూత ఊడి ఉండబట్టే నేను తేలిగ్గా తీయగలిగాను, ఇదంతా ఈ బల్ల మీద కూర్చున్నాకే గుర్తొచ్చింది. మీటరు డ్రాయర్లో నేను పెట్టిన చోట కాకుండా ఒకసారి దుమ్ము తుడిచి, ముల్లు పైకి ఉండేలా పెట్టి ఉంది. నాన్న తుడిచారనుకున్నాను. నాన్న ఎప్పుడైనా ఏదైనా తుడిచారా?

తెలిసే వెళ్ళేదానివైతే, రెండేళ్ళు నువ్వు అక్కడ ఖాళీ కంచం ముందు, నేను ఇక్కడ డ్రాయరు ముందు, ఇద్దరం ఒకళ్ళకొకళ్ళం కాపలా కాశామన్నమాట. నాకు కోపం వస్తోందో ఏడుపు వస్తోందో తెలీట్లేదు. బస్టాపులో ఉన్నాను కాబట్టి రెండూ కుదరవు. తెలియకుండా వెళ్ళేదానివైతే, ఈ ఉత్తరం నిన్ను ఎంత నొప్పించిందో తిట్టి రాయి. పెద్ద అక్షరాలతో తిట్టు.

ఇంకా రెండు డబ్బాలు వరసలో ఉన్నాయి. వాళ్ళకి ఏం పెడుతున్నానో చెప్పే పెడతాను, వద్దంటే పెట్టను. నీ చెవి సంగతి చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం, నువ్వు ఊ అనేదాకా నేను అననని మళ్ళీ ఒట్టు. ఉద్యోగం వాళ్ళకి ఏం రాయాలో నువ్వు వచ్చాక చెప్తాను, ఉత్తరంలో కాదు.

కట్టు విప్పాక నీకు ఎంత వినపడుతుందో డాక్టరు కూడా చెప్పలేకపోతున్నారు. ఎంత వినపడినా సరే, నువ్వు వచ్చిన రోజు నుంచి మీటరు డ్రాయర్లో ఉండదు. బల్ల మధ్యలో, నీకూ నాకూ కనపడేట్టు ఉంటుంది. డబ్బా సెట్ అయ్యాక నువ్వే మరలు బిగించు, అప్పుడు భోజనానికి ఇద్దరం కలిసే వెళ్దాం. పది నిమిషాల్లో తిని వచ్చేద్దాం.

బస్సు వస్తోంది. అదే కండక్టరు.

ఇట్లు,
నీ మాట సరిగ్గా చదువుకోవడం ఇవాళే మొదలుపెట్టిన
నీ కూతురు.